పెరూ వెళ్ళేముందు తేల్చుకోవాల్సినవి: ఏ దారి, ఏ టికెట్, ఏ నెల

పెరూ అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, అక్కడి కొండమీద ఉన్న పాతకాలపు ఇన్కాల శిథిల నగరం "మాచు పిచ్చుకి ఎన్ని రోజులు పడుతుంది?" అని. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మొదటి మూడు రాత్రులు ఎంత ఎత్తులో పడుకుంటాం? ఈ ఒక్కదానికి జవాబు దొరికితే ఏ ఊరు ముందు, ఏది తర్వాత, రైలా నడకా, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా లేదా అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

రాజధాని లీమా సముద్రం ఒడ్డున ఉంది. అక్కణ్ణుంచి గంటా ఇరవై నిమిషాల్లో విమానం దింపే కుస్కో 3,400 మీటర్ల ఎత్తు. లడాఖ్ వెళ్ళొచ్చినవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, లేహ్ కంటే ఓ వంద మీటర్లు తక్కువ, అంతే. తితికాకా సరస్సు ఒడ్డున ఉన్న పునో 3,827 మీటర్లు, అంటే కేదార్‌నాథ్ కంటే పైనే. మాచు పిచ్చు మాత్రం 2,430 మీటర్లే, ఊటీకి కాస్త ఎక్కువ. చాలామంది మాచు పిచ్చే అన్నిటికంటే ఎత్తనుకుని అక్కడికోసం భయపడతారు. నిజానికి కుస్కో నుంచి మాచు పిచ్చుకి కిందికి దిగాలి. తలపోటు, వాంతులు, నిద్ర పట్టకపోవడం వచ్చేది కుస్కోలో, అదీ మొదటి రాత్రి.

నేరుగా కుస్కోకా, అరెకిపా మీదుగానా

పది పన్నెండు రోజులు చేతిలో ఉంటే మా ఓటు అరెకిపా దారికే. లీమా నుంచి అరెకిపాకి విమానం గంటన్నర, బస్సయితే పదహారు గంటలకి తక్కువ పట్టదు. అరెకిపా ఎత్తు 2,335 మీటర్లు. అక్కడ రెండు రాత్రులుండాలి. తెల్లటి అగ్నిపర్వత రాయితో కట్టిన పాత ఊరు, పక్కనే మిస్తి అగ్నిపర్వతం, ఊరి మధ్యలో మరో చిన్న ఊరంత ఉండే సాంతా కతాలీనా కాన్వెంటు చూస్తుంటే రెండు రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఈలోగా ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడుతుంది. తర్వాత కోల్కా లోయ, అక్కణ్ణుంచి పునో, పునో నుంచి బస్సులో ఆరేడు గంటల్లో కుస్కో. కుస్కోలో దిగేసరికి మీరు దానికంటే ఎత్తైన చోట రాత్రులు గడిపి వచ్చినవాళ్ళవుతారు. పక్క టూరిస్టులు మెట్లెక్కలేక గోడ పట్టుకుంటుంటే మీరు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతారు.

ఈ దారిలోనూ ఒక మెలిక ఉంది. అరెకిపా నుంచి కోల్కాకి వెళ్ళే రోడ్డు పాతపంపా అనేచోట దాదాపు 4,900 మీటర్ల కనుమ దాటుతుంది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరదీసి, ఆ కనుమ దాటించి, రాబందులు చూపించి, రాత్రికి మళ్ళీ అరెకిపాలో దింపే ఒకరోజు టూర్లు చవకే. అవి తీసుకోవద్దు. చివాయ్‌లోనో యాంకేలోనో ఒక రాత్రి పడుకునే రెండు రోజుల టూరే మేలు. కండోర్ రాబందులు ఎండకి గాలి వేడెక్కి పైకి లేచేటప్పుడు ఆ గాలిమీద తేలుతూ వస్తాయి, కాబట్టి ఉదయం ఎనిమిది నుంచి పదిలోపు క్రూస్ దెల్ కోందోర్ అనే వ్యూ పాయింట్ దగ్గర ఉండాలి. మధ్యాహ్నం వెళ్తే లోయ కనిపిస్తుంది, పక్షులు కనిపించవు.

వారం రోజులే సెలవు దొరికిందా? అప్పుడు కుస్కోకి ఎగరక తప్పదు. కానీ కుస్కోలో పడుకోవద్దు. పొద్దుటి విమానం పట్టుకోండి, మధ్యాహ్నమయ్యేకొద్దీ కొండగాలీ మబ్బూ వల్ల అక్కడ విమానాలు ఆలస్యమవుతుంటాయి. దిగగానే టాక్సీ మాట్లాడుకుని ఉరుబాంబా నది లోయలోకి వెళ్ళిపోండి. ఈ లోయనే పవిత్ర లోయ అంటారు. ఉరుబాంబా ఊరు 2,870 మీటర్లు, ఒయాంతాయ్‌తాంబో 2,800కి దగ్గర. ప్రయాణం గంటన్నర నుంచి రెండు గంటలు. దారిలో చించెరో దగ్గర రోడ్డు 3,700 మీటర్లు దాటుతుంది కానీ అక్కడ ఆగరు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఆరువందల మీటర్లేగా తేడా అనిపిస్తుంది, కానీ ఎత్తు దెబ్బ తగిలేది ఎక్కువగా నిద్రలోనే. ఆ ఆరువందల మీటర్లే రాత్రంతా నిద్ర పట్టడానికీ, మంచం మీద కూర్చుని తెల్లారబెట్టడానికీ మధ్య తేడా.

లోయలో రెండు రాత్రులు, ఆపైన మాచు పిచ్చు, తిరిగొచ్చాక చివర్లో కుస్కో. ఈ వరస తిప్పేసి కుస్కో ముందు పెట్టుకునేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే ట్రావెల్ ప్యాకేజీలు చాలావరకు అలాగే ఉంటాయి. బుక్ చేసేటప్పుడే వరస మార్చమని అడగండి, మారుస్తారు.

మొదటి రోజు కడుపునిండా తినకుండా, మద్యం ముట్టకుండా, మెట్లెక్కే పని పెట్టుకోకుండా ఉండాలి. ఎసిటజోలమైడ్ మాత్ర, అదే డయమాక్స్, పనిచేస్తుంది. ఎక్కడానికి ఒక రోజు ముందే మొదలుపెట్టాలి, సల్ఫా మందులు పడనివాళ్ళు వాడకూడదు, మోతాదు డాక్టరే చెప్పాలి. కుస్కో మందుల షాపుల్లో "సొరోచె పిల్స్" అని అమ్ముతారు. అవి తలనొప్పి తగ్గిస్తాయంతే, ఎత్తుకి అలవాటు చెయ్యవు. తలనొప్పి పోయింది కదాని ఇంకా పైకెక్కితే అసలుకే మోసం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, దగ్గు ఆగకుండా వచ్చినా ఆ పూటే కిందికి దిగాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

హోటల్లో అడుగుపెట్టగానే ఇచ్చే కోకా ఆకు టీ పెరూలో చట్టబద్ధమే, తాగొచ్చు. అయితే ఉద్యోగంలో డ్రగ్ టెస్టులు ఉండేవాళ్ళు మానుకోవాలి, పరీక్షలో బయటపడుతుంది. ఆ టీ పొడి సంచులు జ్ఞాపకంగా కొని ఇండియాకో అమెరికాకో తేవద్దు. రెండుచోట్లా అది నేరమే.

మాచు పిచ్చు: టికెట్ ముందు, రైలు తర్వాత

అందరూ తప్పు చేసే చోటిది. విమానం టికెట్లు కొంటారు, హోటల్ కొంటారు, రైలు కొంటారు, ఆఖర్న మాచు పిచ్చు ప్రవేశం టికెట్ కోసం చూస్తే కావాల్సిన రోజుకి ఉండదు. సరైన వరస దీనికి తిరగేసి ఉంటుంది: ముందు ప్రవేశం టికెట్, ఆ తేదీకి సరిపడా రైలు, ఆపైన హోటళ్ళు. విదేశీ పెద్దలకి మామూలు టికెట్ 152 సోల్ (సోల్ అంటే పెరూ డబ్బు), కొండ ఎక్కడం కూడా కలిపితే 200. టికెట్ మీద ఉన్న గంటకే లోపలికి పంపుతారు. ఒకసారి బయటికొస్తే మళ్ళీ రానివ్వరు. లోపల దారి ఒకే వైపు నడుస్తుంది, వెనక్కి తిరగడానికి ఒప్పుకోరు.

2024 జూన్ నుంచి లోపల మూడు సర్క్యూట్లు, అంటే మూడు నడక దారులు, పెట్టారు. ఒకటో సర్క్యూట్ పై మెట్ల మీద నుంచి చూపిస్తుంది. క్యాలెండర్లలో కనిపించే ఫోటో వస్తుంది కానీ ఊళ్ళోకి దిగనివ్వదు. రెండోది ఆ ఫోటో చూపించి, ఊళ్ళోకీ తీసుకెళ్తుంది. మూడోది కింది భాగం, సూర్యదేవాలయం వైపు. నడక తక్కువ, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి సుఖం, కానీ పైనుంచి చూసే ఆ దృశ్యం దక్కదు. ఒక్కసారే వెళ్ళేవాళ్ళు రెండో సర్క్యూటే తీసుకోవాలి. మొదట అమ్ముడైపోయేదీ అదే. జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్ళేవాళ్ళు రెండు మూడు నెలల ముందే చూసుకోవాలి. రెండోది దొరక్కపోతే ఒకటి, మూడు రెండూ వేర్వేరు గంటలకి కొనుక్కుని రెండుసార్లు వెళ్ళడం ఒక ఉపాయం, ఖర్చు రెట్టింపవుతుంది. ఫోటోలో వెనకాల నిలబడి కనిపించే వైనా పిచ్చు శిఖరం ఎక్కాలంటే మూడో సర్క్యూట్‌తో కలిపిన టికెట్ తీసుకోవాలి. మెట్లు నిట్టనిలువుగా, ఇరుగ్గా ఉంటాయి. ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళకి వద్దు.

ఆన్‌లైన్లో అయిపోయిందని ప్రయాణం మానుకోనక్కర్లేదు. కొండ కింద ఉన్న అగ్వాస్ కాలియెంతెస్ ఊళ్ళో రోజుకి వెయ్యి టికెట్లు కౌంటర్లో అమ్ముతారు. ముందురోజు వెళ్ళి క్యూలో నిలబడాలి. ఏ సర్క్యూట్, ఏ గంట దొరుకుతుందో మన చేతిలో ఉండదు. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ కోసం నిలబడ్డవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, కాకపోతే ఇక్కడ రైలు తేదీ కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఈ జూదం మంచిది కాదు.

టికెట్ మీద పేరూ, పాస్‌పోర్టు నంబరూ అసలు పాస్‌పోర్టుతో సరిపోవాలి. బుక్ చేశాక పాస్‌పోర్టు రెన్యువల్ అయితే పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్ళండి. సంచీ 40 × 35 × 20 సెంటీమీటర్లకి మించకూడదు. ట్రైపాడ్, సెల్ఫీ కర్ర, తినుబండారాలు లోపలికి రానివ్వరు. లోపల మరుగుదొడ్డి లేదు, గేటు బయటే ఉంది. లోపలికెళ్తే రెండు మూడు గంటలు బయటికి రారు, అది గుర్తుంచుకుని మంచినీళ్ళు తాగండి.

ఇక చేరుకోవడం. దీనికి నాలుగు మార్గాలున్నాయి, నాలుగూ నలుగురికి.

రైలు ఎక్కువమందికి సరిపోతుంది. ఒయాంతాయ్‌తాంబోలో ఎక్కితే అగ్వాస్ కాలియెంతెస్‌కి గంటా నలభై నిమిషాలు. పెరూ రైల్, ఇన్కా రైల్ అని రెండు కంపెనీలు నడుపుతున్నాయి. ఒకవైపు టికెట్ రోజునీ గంటనీ పెట్టెనీ బట్టి సుమారు 60 నుంచి 100 డాలర్లు, విలాసవంతమైనవి అంతకు చాలా ఎక్కువ. పైకప్పుకి కూడా అద్దాలున్న పెట్టెకి అదనంగా పెట్టాలా అంటే, వెళ్ళేటప్పుడు పెట్టండి, వచ్చేటప్పుడు మామూలుది చాలు, ఎలాగూ చీకటి పడుతుంది. వెళ్ళేటప్పుడు నది ఎడమవైపు ఉంటుంది. రైల్లో చిన్న సంచీలే ఒప్పుకుంటారు కాబట్టి పెద్ద సూట్‌కేసులు లోయలోని హోటల్లో వదిలేయాలి, ఉచితంగానే దాచిపెడతారు. కుస్కో ఊళ్ళోంచే ఎక్కే రైలు సులువనిపిస్తుంది కానీ ఎక్కువ సమయం పడుతుంది, వానాకాలంలో సగం దూరం బస్సులోనే తీసుకెళ్తారు.

రైలు దిగాక కొండెక్కే బస్సు వేరు, ఒకవైపు 12 డాలర్లు, అరగంటలోపు ప్రయాణం. సీజన్లో క్యూలోనే గంట పోతుంది, కాబట్టి ప్రవేశం గంటకి కనీసం గంటన్నర ముందు వరసలో ఉండండి. నడిచి ఎక్కాలంటే నాలుగువందల మీటర్ల ఎత్తు మెట్లు, గంటన్నర పడుతుంది. ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు నడక అన్నది మోకాళ్ళు బాగున్నవాళ్ళకి డబ్బు కలిసొచ్చే పద్ధతి.

కుస్కో నుంచి ఒకే రోజులో వెళ్ళి రావడమా, కింద ఊళ్ళో ఒక రాత్రి ఉండటమా? ఒక్క రోజంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి తొమ్మిది పదింటికి తిరిగి రావాలి. మధ్యలో ఏ రైలు ఆలస్యమైనా ప్రవేశం గంట దాటిపోతుంది. ఒక రాత్రి ఉండటమే మంచిది, ఆ ఊరు అంత అందమైనదేమీ కాకపోయినా. ఉదయం ఆరింటి టికెట్ కోసం కొట్టుకుంటారు చాలామంది, కానీ అప్పటికి కొండంతా పొగమంచు కమ్మి ఉంటుంది. ఎనిమిది తొమ్మిది మధ్య టికెట్లో మంచు విడిపోయే అవకాశం ఎక్కువ.

రెండోది ఇన్కా ట్రెయిల్, నాలుగు రోజులు, నలభై కిలోమీటర్లకి పైన నడక, మధ్యలో 4,215 మీటర్ల కనుమ. రోజుకి 500 మందికే అనుమతి, అందులో గైడ్లూ మోత కూలీలూ కూడా లెక్కే, కాబట్టి యాత్రికులకి మిగిలేది దాదాపు రెండువందలు. సొంతంగా నడవనివ్వరు, లైసెన్సున్న ఏజెన్సీ ద్వారానే వెళ్ళాలి, ఖర్చు సాధారణంగా 700 డాలర్లకి పైనే. మే నుంచి సెప్టెంబరు తేదీలకి కనీసం ఐదారు నెలల ముందు చూసుకోవాలి. ఫిబ్రవరిలో దారి మూసేస్తారు. అంత నడవలేం గానీ సూర్యద్వారం మీదుగా కాలినడకన మాచు పిచ్చు చూడాలని ఉందా, అయితే రైలు దిగి 104వ కిలోమీటరు దగ్గర మొదలయ్యే రెండు రోజుల చిన్న ట్రెయిల్ తీసుకోండి. గుడారాలు ఉండవు, రాత్రి హోటల్లోనే పడుకోవచ్చు. నలభై దాటిన, మామూలు నడక అలవాటున్నవాళ్ళకి మేం ముందు చెప్పేది ఇదే.

మూడోది సాల్కంతాయ్ దారి. నాలుగైదు రోజులు, కనుమ 4,600 మీటర్లకి పైన. అనుమతి కోటా లేదు, ఆఖరి వారంలో కూడా బుక్ చేసుకోవచ్చు. మంచు శిఖరాలు దీనిలోనే బాగా కనిపిస్తాయి. ఇన్కాల రాతి మెట్లూ శిథిలాలూ మాత్రం దారి పొడవునా ఉండవు. చలీ ఎక్కువే.

నాలుగోది చవకది: కుస్కో నుంచి వ్యాన్లో అబ్రా మాలగా కనుమ దాటి, సాంతా మరియా, సాంతా తెరెసా మీదుగా ఇద్రోఎలెక్త్రికా అనే జలవిద్యుత్ కేంద్రం దాకా ఆరేడు గంటలు, అక్కణ్ణుంచి రైలు పట్టాల పక్కన పది కిలోమీటర్ల పైచిలుకు నడక. నడక చదునుగా, చెట్ల నీడలో బాగుంటుంది. ఇబ్బందంతా వ్యాన్ రోడ్డుతోనే, మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పుతుంది, జనవరి నుంచి మార్చి దాకా కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతుంటుంది. కాలేజీ పిల్లలు పొడి కాలంలో వెళ్ళొచ్చు. అమ్మానాన్నలతో అయితే ఆ మాటే ఎత్తొద్దు.

కుస్కో చుట్టుపక్కల శిథిలాలకి వేరే టికెట్. బొలేతో తురీస్తికో అంటారు, 130 సోల్, పది రోజులు చెల్లుతుంది. సాక్సైవమాన్, పిసాక్, ఒయాంతాయ్‌తాంబో, చించెరో, మొరాయ్ అన్నీ దీనిలోనే. మారస్ ఉప్పుమడులకీ, కొరికాంచాకీ ఇది పనికిరాదు, అక్కడ విడిగా కట్టాలి. ఒకటి రెండు చోట్లే చూస్తే 70 సోల్ చిన్న టికెట్ చాలు.

తితికాకా, రంగుల కొండ

రెండు రోజులు మిగిలి కోల్కా, తితికాకాల్లో ఒకటే వీలైతే కోల్కాకే వెళ్ళండి. పునో నుంచి మూడు గంటల్లో ముగించే ఊరోస్ తేలే దీవుల టూర్ చాలావరకు ప్రదర్శనే. తోతోరా రెల్లుతో దీవి ఎలా కడతారో చూపించి, బొమ్మలు కొనమంటారు. అమంతానీ దీవిలో ఒక ఇంట్లో రాత్రి పడుకునే రెండు రోజుల టూర్ అయితే అప్పుడు తితికాకా అసలు రుచి తెలుస్తుంది. జూన్, జూలై రాత్రుల్లో అక్కడ సున్నాకి కిందికి పోతుంది, గదుల్లో హీటర్లు ఉండవు.

ఇన్‌స్టాగ్రామ్ రంగుల కొండ వినికుంకా 5,000 మీటర్లు దాటిన ఎత్తు. కుస్కో చేరిన రెండో రోజే వెళ్ళి గుర్రం మీద వాలిపోయి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. ఎత్తులో నాలుగైదు రాత్రులు గడిచాకే వెళ్ళాలి. నడక తగ్గాలంటే పల్కోయో అనే ఇంకో రంగుల కొండ ఉంది. ఎత్తు దాదాపు అంతే గానీ వ్యాన్ చాలా పైదాకా వెళ్తుంది, జనం కూడా తక్కువ. వానాకాలంలో రెండూ మంచు కప్పేసి రంగులు కనిపించకపోవచ్చు.

అడవి: మల్దొనాదోనా, ఇకితోసా

కుస్కోతో కలిపి చూడాలంటే పుయెర్తో మల్దొనాదో. విమానం గంటలోపే, కుస్కో చలిలోంచి అడవి ఉక్కలోకి దిగుతారు. అక్కణ్ణుంచి పడవలో రెండు నుంచి నాలుగు గంటలు తంబోపాతా నది మీద లోపలికి వెళ్తే లాడ్జిలు. తెల్లవారుజామున మట్టిగట్టు మీద వాలి మట్టి తినే మకావ్ చిలకలు ఇక్కడి ప్రత్యేకం. లాడ్జి ఎంత లోపల ఉంటే జంతువులు అంత బాగా కనిపిస్తాయి, ఊరికి అరగంట దూరంలో ఉన్న చవక లాడ్జిలో కోళ్ళూ కుక్కలే కనిపిస్తాయి. మూడు రాత్రులకి తక్కువైతే వెళ్ళి ప్రయోజనం లేదు.

ఇకితోస్‌కి బయటి నుంచి రోడ్డు లేదు, విమానంలోనో పడవలోనో వెళ్ళాలి. లీమా నుంచి రెండు గంటలు. అసలు అమెజాన్ నది, గులాబీ రంగు డాల్ఫిన్లు, పకాయా సమీరియా అభయారణ్యం ఇక్కడే. నది యాత్రే ముఖ్యమనుకునేవాళ్ళకి ఇది, కుస్కో యాత్రకి తోకగా కాదు. మలేరియా జాగ్రత్త ఇక్కడ ఎక్కువ అవసరం. మల్దొనాదో వైపు జూన్–ఆగస్టులో దక్షిణం నుంచి చలిగాలి వచ్చి మూడు నాలుగు రోజులు అడవంతా వణికిస్తుంది. ఫ్రియాహె అంటారు దాన్ని. అడవికే కదాని స్వెటర్ కుస్కోలో వదిలేసి వెళ్ళొద్దు.

ఏ నెల

కొండల్లో పొడి కాలం మే నుంచి సెప్టెంబరు. మే, సెప్టెంబరు రెండూ అన్నిటికంటే మంచివి. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి పండగ, ఆ వారం గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. అమెరికాలో ఉండేవాళ్ళు థాంక్స్‌గివింగ్ సెలవులకి వెళ్ళొచ్చు, వానలు మొదలవుతాయి గానీ రోజంతా కురవవు. డిసెంబరు చివర పొద్దున్నే చూడాల్సినవి చూసేసుకుంటే సరి. జనవరి చివర, ఫిబ్రవరి మాత్రం వద్దు. లీమా లెక్క దీనికి తలకిందులు: అక్కడ ఎండ కాసేది డిసెంబరు నుంచి ఏప్రిల్, మిగతా నెలల్లో సముద్రం మీదినుంచి బూడిదరంగు పొగమంచు కమ్ముకునే ఉంటుంది. లీమాకి ఒక్క రోజు చాలు.

తిండి

బియ్యం ప్రతిచోటా దొరుకుతుంది, కాబట్టి భయపడక్కర్లేదు. చిక్కంతా మాటల్లోనే. స్పానిష్‌లో "కార్నె" అంటే వాడుకలో ఎర్ర మాంసమే. "సిన్ కార్నె" అంటే కోడి ముక్కలు వేసి తెస్తారు, వాళ్ళ తప్పేం లేదు. "నో కోమో కార్నె, నీ పోయో, నీ పెస్కాదో, నీ కాల్దో" అని మొత్తం చెప్పాలి: మాంసం, కోడి, చేప, వాటి రసం ఏదీ తిననని. ఆ ఆఖరి మాట చాలా ముఖ్యం, కినోవా సూపు చూడ్డానికి శాకాహారమే, లోపల కోడి రసం ఉంటుంది. గొడ్డుమాంసం మాత్రమే తిననివాళ్ళు "రెస్" అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. లోమో సాల్తాదో, రోడ్డు పక్కన ఘుమఘుమలాడే అంతికూచోస్, అరెకిపా రొకోతో రెయెనో, ఇవన్నీ మామూలుగా గొడ్డుమాంసంతో చేసేవే. అంతికూచోస్ గుండె ముక్కలు.

శాకాహారులకి చోక్లో కోన్ కెసో (పెద్ద గింజల మొక్కజొన్న పొత్తు, జున్ను), అరెకిపాలో సోల్తెరీతో అనే చిక్కుడుగింజల సలాడ్, పాపా ఆ లా వంకాయీనా దొరుకుతాయి. పేరులో వంకాయ ఉందని ఆశపడొద్దు, అది బంగాళాదుంప మీద జున్ను, పసుపు రంగు మిరప కలిపిన సాస్. పైన ఉడికించిన గుడ్డు పెడతారు, వద్దంటే తీసేస్తారు. చీఫా అని బోర్డున్న చైనా హోటళ్ళు ఊరూరా ఉంటాయి, గుడ్డూ మాంసం లేని చౌఫా వేయించిన అన్నం చేయమంటే చేస్తారు. కారం కావాలంటే కుస్కో వైపు ఉచుకుతా అడగండి. బతాన్ అనే రాతి మీద రొకోతో మిరపకాయా ఆకులూ నూరి చేస్తారు, మన రోటిపచ్చడికి దగ్గర చుట్టం. కుళాయి నీళ్ళు తాగొద్దు.

కాగితాలు, డబ్బు

భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళకి అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా కనీసం ఆరు నెలలు చెల్లేలా ఉన్నా, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నా పెరూ వీసా అక్కర్లేదు. అవేవీ లేకపోతే ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయంలో వీసా తీసుకోవాలి. టికెట్ కొనేముందు నిబంధన మారలేదని అక్కడే ఒకసారి నిర్ధారించుకోండి.

అమెరికాలో హెచ్-1బి మీద ఉండి పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు దాటినవాళ్ళు జాగ్రత్త. హెచ్-1బి ఆమోదమైందని చెప్పే ఐ-797 కాగితం వీసా కాదు, పెరూ దాన్ని వీసాగా లెక్కేయదు. తిరిగి రావడం అంతకంటే పెద్ద చిక్కు. గడువు దాటిన స్టాంపుతో కెనడా, మెక్సికో వెళ్ళొచ్చే వెసులుబాటు పెరూకి లేదు.

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. ఆ జ్వరం ఉన్న దేశాలని ఇండియా గుర్తించిన జాబితాలో పెరూ ఉంది. కాబట్టి అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే పసుపు రంగు టీకా పుస్తకం అడుగుతారు. లేకపోతే ఆ ఆరు రోజుల గడువు పూర్తయ్యేదాకా విడిగా ఉంచే అధికారం వాళ్ళకుంది. అడవికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఇది వర్తిస్తుంది. టీకా పుస్తకం చెల్లేది టీకా వేసిన పది రోజుల తర్వాతే. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. అరవై దాటినవాళ్ళు వేయించుకునేముందు డాక్టర్ని అడగాలి.

డబ్బు సోల్, ఇటీవల డాలరుకి మూడున్నర అటూఇటూగా ఉంటోంది. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లు తీసుకెళ్ళండి. చిన్న చిరుగున్నా, పెన్ను గీత ఉన్నా తీసుకోరు. హోటల్లో పాస్‌పోర్టు, ప్రవేశ ముద్ర చూపిస్తే విదేశీ యాత్రికులకి 18 శాతం అమ్మకం పన్ను ఉండదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే అడగండి. కరెంటు 220 వోల్టులు. మన సన్నటి రెండు పిన్నుల చార్జర్ పడుతుంది, లావు మూడు పిన్నులది పట్టదు. అమెరికా ప్లగ్గు దూరుతుంది కానీ 110 వోల్టుల హెయిర్ డ్రయర్ పెడితే కాలిపోతుంది.

చివర్లో ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. "పారో" అన్న మాట వినిపిస్తే సమ్మె అని అర్థం. రోడ్ల మీద రాళ్ళు పేర్చేస్తారు, మాచు పిచ్చు రైలు పట్టాల మీద కూర్చుంటారు, ఒక రోజో రెండు రోజులో ఏదీ కదలదు. అలాంటప్పుడు హోటలు వాళ్ళనడిగితే ఏ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో టూర్ కంపెనీ కంటే ముందే చెప్తారు. కుస్కో నుంచి లీమాకి పొద్దుటి విమానం, అదే రాత్రి లీమా నుంచి ఇంటికి అని టికెట్లు కలపొద్దు. లీమాలో ఆ చివరి రాత్రి పడుకుని, మర్నాడు ఎక్కండి.